ఇంటి స్పీకర్లకు తగిన స్టీరియో యాంప్లిఫయర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో మా ముందు గదిలో ఒక స్టీరియో సెట్టు ఉంది. దాన్ని విన్న బంధువులు, వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల పరిచయస్థులు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. ఆదోని నుంచి అడిగినా, ధర్మవరం నుంచి అడిగినా, ప్రొద్దుటూరు నుంచి అడిగినా సందేహం మారదు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, కింద జవాబులు పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

అన్నా, ముందు యాంప్ (యాంప్లిఫయర్) కొనాలా, స్పీకర్లు కొనాలా?

స్పీకర్లు. రెండు జతల స్పీకర్లను పక్కపక్కన పెట్టి వినిపిస్తే, సంగీతం తెలియనివాళ్లు కూడా తేడా చెప్పేస్తారు. బాగా తయారైన రెండు యాంప్‌ల మధ్య, వాటి శక్తి మించకుండా వాడినంత వరకు, తేడా చాలా తక్కువ. చేతిలో లక్ష ఉంటే అరవై, డెబ్బై వేలు స్పీకర్లకే పెట్టమంటాను. యాంప్ పని ఆ స్పీకర్ అడిగిన కరెంటును తడబడకుండా ఇవ్వడం. ఏ స్పీకరో తేలకుండా యాంప్ కొనడమంటే కాలి కొలత చూడకుండా చెప్పులు కొన్నట్టే.

స్పీకర్ వెనక "87 డీబీ, 6 ఓమ్స్, 30–120 వాట్స్" అని ఉంది. వీటిలో ఏది చూడాలి?

మూడూ చూడాలి, కానీ ఎక్కువమంది చూసేది మూడోదాన్ని, అసలు ముఖ్యమైనది మొదటిది. 87 డీబీ అనేది సెన్సిటివిటీ (డీబీ అంటే డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత). ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో అది చెబుతుంది. 6 ఓమ్స్ అనేది ఇంపీడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు. ఆ అంకె తగ్గేకొద్దీ స్పీకర్ యాంప్ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది. 30–120 వాట్స్ అనేది ఎంత శక్తి ఉన్న యాంప్ వాడవచ్చో కంపెనీ ఇచ్చే సలహా. స్పీకర్ 120 వాట్స్ "ఇస్తుంది" అని దాని అర్థం కాదు. స్పీకర్ వాట్స్ ఇవ్వదు, తీసుకుంటుంది.

మా హాలు 12 × 15 అడుగులు. ఎన్ని వాట్స్ యాంప్ కావాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, కాబట్టి లెక్క మొత్తం వేసి చూపిస్తాను.

మీ స్పీకర్ 87 డీబీ అనుకుందాం. రెండు స్పీకర్లు కలిసి పలికితే సుమారు 3 డీబీ పెరుగుతుంది, అంటే 90. మీరు కూర్చునేది 10 అడుగుల దూరంలో. ఆరుబయట అయితే ఆ దూరానికి దాదాపు 10 డీబీ పోతుంది. గదిలో గోడలు కొంత శబ్దాన్ని తిరిగి పంపుతాయి కాబట్టి 7 పోయిందనుకోండి. మిగిలింది 83. అంటే ఒక్కో స్పీకర్‌కు ఒకే ఒక్క వాట్ ఇస్తే మీ చెవి దగ్గర 83 డీబీ ఉంటుంది.

ఇంట్లో తృప్తిగా పాటలు వినే స్థాయి సగటున 75 డీబీ అనుకుంటే, దానికి పావు వాట్ కూడా పట్టదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. మరి యాంప్‌కు 50 వాట్స్ ఎందుకు? సంగీతం ఒకే ఎత్తులో సాగదు. మృదంగం మీద ఒక గట్టి దెబ్బ, డప్పు మీద ఒక చరుపు సగటు కన్నా 15 నుంచి 20 డీబీ పైకి లేస్తాయి. 75 సగటుకు శిఖరం 95 వరకు వెళ్తుంది. 83 నుంచి 95కు 12 డీబీ ఎక్కాలంటే 16 వాట్స్ కావాలి. పండగపూట ఇంకొంచెం గట్టిగా పెట్టి శిఖరాలు 100 దాకా పోతే 50 వాట్స్ కావాలి.

కాబట్టి మీ హాలుకు, 87 డీబీ స్పీకర్లకు, నిజమైన 40 నుంచి 60 వాట్స్ చాలు. స్పీకర్ 83 డీబీ మాత్రమే అయితే ఇవే శిఖరాలకు రెండున్నర రెట్లు కావాలి. 93 డీబీ అయితే నాలుగో వంతు చాలు. వాట్స్ గురించి బేరమాడేకన్నా స్పీకర్ సెన్సిటివిటీ చూసుకోవడం ఎంత లాభమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మాది కడప బండల నేల, గోడలకు ఏమీ లేవు. పాట పెడితే గదంతా మోగుతోంది. పెద్ద యాంప్ కొంటే సరిపోతుందా?

సరిపోదు, ఇంకా మోగుతుంది. కడప నల్లబండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల పాలిష్ బండలు వేసవిలో కాళ్లకు చల్లగా ఉంటాయి కానీ శబ్దాన్ని అసలు పీల్చుకోవు. వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిరిగి కొడతాయి. పైన కూడా బండమిద్దె అయితే నేలకూ కప్పుకూ మధ్య శబ్దం బంతిలా ఎగురుతుంది. గదిలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. "టంగ్" మని చిన్న తోక వినిపిస్తే లోపం గదిలో ఉంది, యాంప్‌లో కాదు.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద మందపాటి జంఖానా పరవండి. లేదంటే పాత బొంత మడిచి వేయండి. మీరు కూర్చునే చోటు వెనక గోడకు గొర్రెబొచ్చు కంబళి వేలాడదీయండి. గోడకు ఆనించకుండా రెండు మూడు అంగుళాలు ఎడం ఉంచితే ఇంకా మేలు. పుస్తకాల అలమర, గుడ్డ సోఫా, మందపాటి కర్టెన్లు కూడా పనికొస్తాయి. వీటితో గొంతు, తాళాల శబ్దం శుభ్రంగా వినిపిస్తాయి. లోతైన బేస్ మోత మాత్రం బట్టకు లొంగదు. దానికి స్పీకర్లను గోడకు, మూలకు దూరంగా జరపాలి. ఒక అడుగు జరిపినా తేడా వినిపిస్తుంది. నేను మా ఇంట్లో యాంప్ మార్చినప్పటి తేడా కన్నా కంబళి వేసినప్పటి తేడా ఎన్నో రెట్లు ఎక్కువ.

## వాట్స్, ఓమ్స్ గురించి

స్పీకర్ 100 వాట్స్, యాంప్ 50 వాట్స్. కలపొచ్చా? స్పీకర్ కాలిపోదా?

కలపొచ్చు. మామూలుగా వింటే ఏమీ కాదు. చిక్కు వచ్చేది ఆ 50 వాట్స్ యాంప్‌ను శక్తికి మించి తిప్పినప్పుడు. యాంప్ దగ్గర వోల్టేజీ అయిపోతే శబ్ద తరంగం పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. పాట సగటు శక్తి పెరిగిపోతుంది, తెగిన అంచుల నుంచి కొత్తగా పుట్టిన హై శబ్దాలు ట్వీటర్‌కు చేరతాయి. ట్వీటర్ అంటే పెట్టెలో హై శబ్దాలు పలికే చిన్న స్పీకర్. దాని కాయిల్ వెంట్రుకంత తీగ. ఆ వేడిని అది భరించలేదు.

మా తమ్ముడి పెళ్లికి ముందురోజు ఇంటి సెట్టును ఆరుబయట పెట్టాం. జనం ఎక్కువయ్యేకొద్దీ ఎవరో ఒకరు వాల్యూమ్ పెంచుతూ పోయారు. రాత్రి పదింటికి రెండు ట్వీటర్లూ మూగబోయాయి. అవి ఎంతో ఇష్టంగా కొనుక్కున్న స్పీకర్లు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. గొంతు బొంగురుపోయినట్టు, తాళాలు ఇసుక రాల్చినట్టు వినిపిస్తే వెంటనే వాల్యూమ్ తగ్గించండి. ఆ హెచ్చరిక తర్వాత ఎక్కువ సమయం ఉండదు.

50 వాట్స్ కన్నా 60 వాట్స్ యాంప్ గట్టిగా పలుకుతుంది కదా?

తేడా 0.8 డీబీ. చెవికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. శక్తి రెట్టింపైతేనే 3 డీబీ, పది రెట్లైతే 10 డీబీ. చెవికి "రెట్టింపు గట్టిగా ఉంది" అనిపించేది ఆ 10 డీబీ దగ్గర. పది వాట్స్ తేడాకు అయిదారు వేలు ఎక్కువ అడిగితే, మిగతా సౌకర్యాల కోసమైతే ఇవ్వండి, వాట్స్ కోసం ఇవ్వకండి.

4 ఓమ్స్ స్పీకర్‌ను ఏ యాంప్‌కైనా పెట్టొచ్చా?

యాంప్ వెనక స్పీకర్ టెర్మినల్స్ దగ్గర చూడండి. "4–16 ఓమ్స్" అని ఉంటే పెట్టొచ్చు. "6–16" లేదా "8" అని మాత్రమే ఉంటే పెట్టకండి. ఓమ్స్ సగమైతే లాగే కరెంటు రెట్టింపవుతుంది. యాంప్ వేడెక్కుతుంది, ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగుతుంది, అది కూడా లేని యాంప్ అయితే కాలుతుంది.

ఇంకో సంగతి. స్పీకర్ మీద రాసే ఓమ్స్ ఒక గుర్తు మాత్రమే. అసలు ఇంపీడెన్స్ ఒక్కో స్వరానికి ఒక్కోలా మారుతుంది. కెఫ్ ఎల్‌ఎస్50 మెటాకు 8 ఓమ్స్ అని చెబుతూనే, కనిష్ఠం 3.5 అని కంపెనీయే రాసింది. సెన్సిటివిటీ 85 డీబీ. అంటే చూడ్డానికి చిన్నదైనా యాంప్‌ను బాగానే కష్టపెట్టే స్పీకర్ అది. అందుకే "కనిష్ఠ ఇంపీడెన్స్" అన్న మాట కాగితంలో ఎక్కడుందో వెతకండి.

యాంప్ వైపు నుంచి ఒక గుర్తు ఉంది. 8 ఓమ్స్‌కు ఇచ్చే వాట్స్, 4 ఓమ్స్‌కు ఇచ్చే వాట్స్ రెండూ రాశారా చూడండి. డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈకి 8 ఓమ్స్‌లో 45, 4 ఓమ్స్‌లో 70 అని ఉంటుంది. ఓమ్స్ తగ్గినప్పుడు వాట్స్ ఇలా పెరిగితే లోపలి పవర్ సప్లైకి సత్తువ ఉన్నట్టు. 4 ఓమ్స్ మాటే ఎత్తని యాంప్‌ను కష్టమైన స్పీకర్‌కు తీసుకోకండి.

సెన్సిటివిటీ పక్కన "2.83 వోల్ట్స్" అని ఉంటుంది. ఏంటది?

8 ఓమ్స్ స్పీకర్‌కు 2.83 వోల్ట్స్ ఇస్తే సరిగ్గా ఒక వాట్ అవుతుంది. అదే 4 ఓమ్స్ స్పీకర్‌కు ఇస్తే రెండు వాట్స్. కాబట్టి 2.83 వోల్ట్స్ దగ్గర 88 డీబీ అని రాసిన 4 ఓమ్స్ స్పీకర్, ఒక వాట్ లెక్కన చూస్తే 85 డీబీయే. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఈ 3 డీబీ తీసేసి చూడండి.

షాపులో 2000 వాట్స్ పీఎంపీఓ అన్నారు, ధర నాలుగు వేలే. తీసుకోమంటారా?

పీఎంపీఓ అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే అంకె, దానికి ఏ ప్రమాణమూ లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. ఇలాంటి గందరగోళం వల్లే అమెరికాలో 1974లోనే యాంప్ వాట్స్ ఎలా కొలిచి చెప్పాలో ప్రభుత్వం నిబంధన పెట్టింది. మీరు అడగాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్స్ (నిలకడగా ఇచ్చే శక్తి), అదీ ఎడమ, కుడి రెండు ఛానళ్లూ కలిసి పనిచేస్తున్నప్పుడు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, ఎన్ని ఓమ్స్‌కు, ఎంత డిస్టార్షన్‌తో (శబ్దం ఎంత చెడిపోయి వస్తోందో) అని. ఈ వివరాలన్నీ ఇచ్చిన కంపెనీ చెప్పే 45 వాట్స్, ఏ వివరమూ లేని 2000 కన్నా గట్టిగా పలుకుతుంది.

అడాప్టర్‌తో నడిచే యాంప్‌కైతే ఇంకా సులువు. అడాప్టర్ మీద ఉన్న వోల్ట్స్‌ను ఆంపియర్లతో (కరెంటు కొలత, "A" అని రాసి ఉంటుంది) గుణించండి. 12 వోల్ట్స్, 2 ఆంపియర్లు అంటే 24 వాట్స్. నిలకడగా అంతకన్నా ఎక్కువ బయటికి రాదు.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 200 ఉన్నది కొనాలా, 400 ఉన్నది కొనాలా?

స్పీకర్ కదలికను యాంప్ ఎంత గట్టిగా అదుపు చేస్తుందో చెప్పే అంకె అది. 50 దాటాక పట్టించుకోకండి. స్పీకర్ వైరుకుండే నిరోధమే ఆ తేడాను తినేస్తుంది.

## ఏ రకం యాంప్

క్లాస్ ఏబీ మంచిదా, క్లాస్ డీ మంచిదా?

ఇవి యాంప్ లోపల శక్తిని పెంచే రెండు పద్ధతులు. వినడానికి రెండూ మంచివే, బాగా తయారైతే. మన వాతావరణానికి వచ్చేసరికి తేడా వేడిలో ఉంది. క్లాస్ డీ తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా స్పీకర్‌కు పంపగలదు. క్లాస్ ఏబీలో పెద్ద భాగం వేడిగా పోతుంది, పాట ఆపి ఉంచినా పెట్టె వెచ్చగానే ఉంటుంది. గాలి ఆడే చోటు ఉంటే క్లాస్ ఏబీ నిశ్చింతగా తీసుకోండి. ఎన్నేళ్లయినా చిన్న ఊరి మెకానిక్ కూడా విప్పి బాగుచేయగలడు. అందుకే నా ఓటు ఇప్పటికీ దానికే. చోటు ఇరుకైతే, రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లైతే క్లాస్ డీ సుఖం.

అరచేతిలో పట్టే చిన్న యాంప్‌కు "300 + 300 వాట్స్" అని ఉంది. నిజమా?

అందులో సాధారణంగా ఉండేది టీపీఏ3255 అనే చిప్. దాని కాగితంలో 4 ఓమ్స్‌కు 315 వాట్స్ అని ఉన్న మాట నిజం. కానీ అది 10 శాతం డిస్టార్షన్ దగ్గర, పూర్తి వోల్టేజీ ఇచ్చినప్పుడు. పెట్టెతో వచ్చే అడాప్టర్ 32 వోల్ట్స్, 5 ఆంపియర్లు అయితే మొత్తం శక్తే 160 వాట్స్. 8 ఓమ్స్ స్పీకర్లకు ఛానల్‌కు సుమారు 60 వాట్స్ వస్తాయి. అంతేనా అని తీసిపారేయకండి. 60 శుభ్రమైన వాట్స్ మామూలు హాలుకు ఎక్కువే. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టే కుర్రవాళ్లకు నేను ధైర్యంగా చెప్పేది వీటినే. పెట్టె మీది అంకె నమ్మవద్దు, అంతే.

మా ఊళ్లో మెకానిక్ అన్న ఉన్నాడు. బోర్డు వేసి యాంప్ కట్టిస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

పనితనం ఉన్నవాడైతే చేయించుకోవచ్చు. రాయలసీమలో ప్రతి ఊళ్లో ఇలా కట్టిన పెట్టెలు ఏళ్ల తరబడి పలుకుతున్నాయి. అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఏ ఐసీ, ఏ ట్రాన్సిస్టర్ వేస్తాడో కనుక్కోండి. ఎల్‌ఏ4440 వేస్తే స్టీరియోలో ఛానల్‌కు 6 వాట్స్ వస్తుంది. చిన్న గదికి సరే, పెద్ద స్పీకర్లకు చాలదు. 5200, 1943 జత ట్రాన్సిస్టర్లు వేస్తే బలం ఉంటుంది, కానీ వీటిలో నకిలీలు విపరీతం. నమ్మకమైన చోట కొన్నవేనా అని అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని ఆంపియర్లది, రాగి చుట్టా అల్యూమినియం చుట్టా అన్నది ఇంకా ముఖ్యం. యాంప్ బలమంతా అక్కడే ఉంది. స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు తప్పనిసరిగా వేయించండి. ట్రాన్సిస్టర్ షార్ట్ అయిన క్షణాన డీసీ వోల్టేజీ నేరుగా స్పీకర్‌లోకి పోతుంది. అయిదారు వందల ఆ బోర్డు ముప్ఫై వేల స్పీకర్లను కాపాడుతుంది. బాడీకి ఎర్త్ ఇవ్వమని కూడా చెప్పండి. పిల్లలు తిరిగే ఇల్లు.

మా నాయన భజనలకు వాడిన మైక్‌సెట్ యాంప్ ఉంది. ఇంటి స్పీకర్లకు పనికొస్తుందా?

స్టీరియోకు పనికిరాదు. మైక్‌సెట్ యాంప్‌లు ఎక్కువగా మోనో. దూరంగా కట్టిన హారన్లకు పంపడానికి 100 వోల్ట్స్ లైన్ ఉంటుంది. పొరపాటున ఇంటి స్పీకర్‌ను ఆ టెర్మినల్‌కు కలిపితే స్పీకర్ పోతుంది. మాట స్పష్టంగా దూరం వినిపించడానికి చేసిన యంత్రం అది. దాన్ని భజనకే ఉంచండి.

హోమ్ థియేటర్ రిసీవర్ ఉంది. మళ్లీ స్టీరియో యాంప్ కొనాలా?

స్పీకర్లు 6–8 ఓమ్స్‌వి, సెన్సిటివిటీ 87 పైన ఉంటే కొనక్కర్లేదు. రిసీవర్‌లో "స్టీరియో" లేదా "డైరెక్ట్" మోడ్ పెట్టి వినండి. రిసీవర్ల వాట్స్ మాత్రం ఎక్కువగా రెండు ఛానళ్లు నడిచినప్పటివి, కొన్నిసార్లు ఒక్క స్వరం దగ్గర కొలిచినవి, కాబట్టి పెట్టె మీది అంకెను తగ్గించి చదువుకోండి.

వాల్వ్ యాంప్ తీసుకుంటే పాత రేడియోలా తియ్యగా ఉంటుందంటారు...

తియ్యగానే ఉంటుంది. కానీ వాట్స్ తక్కువ, వేడి ఎక్కువ, వాల్వులు మార్చాలి, వోల్టేజీ హెచ్చుతగ్గులు పడవు. 90 డీబీ పైన స్పీకర్లు లేకపోతే వద్దు.

మా తాత రికార్డ్ ప్లేయర్ ఉంది. దానికి యాంప్‌లో ఏం ఉండాలి?

"ఫోనో" అని రాసిన ఇన్‌పుట్ ఉండాలి. రికార్డు ముల్లు నుంచి వచ్చేది మహా అయితే 5 మిల్లీవోల్ట్స్. సీడీ ప్లేయర్ నుంచి వచ్చేది 2 వోల్ట్స్. మామూలు ఇన్‌పుట్‌కు కలిపితే పాట దోమ గొంతులా సన్నగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. ఫోనో మెట్టు శబ్దాన్ని పెంచడమే కాదు, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను తిరిగి నింపుతుంది. యాంప్ నచ్చి ఫోనో లేకపోతే, ఫోనో ప్రీయాంప్ అనే చిన్న పెట్టె విడిగా దొరుకుతుంది. అది ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) రకమా, ఎంసీ (మూవింగ్ కాయిల్) రకమా అన్నది మీ ముల్లుకు తగ్గట్టు చూసుకోండి. పాత ప్లేయర్లలో సిరామిక్ ముల్లు కూడా ఉంటుంది. దానికి ఫోనో అక్కర్లేదు, మామూలు ఇన్‌పుటే చాలు.

## విని, చూసి కొనేటప్పుడు

మా ఊళ్లో పెట్టి వినిపించే షాపు దొరకలేదు. ఎక్కడికి పోవాలి?

కర్నూలు వాళ్లకు హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు, కడప వాళ్లకు చెన్నై లేదా బెంగళూరు. విడిభాగాలు, వైర్లు, కనెక్టర్లు కావాలంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ ఉన్నాయి. మంచి సెట్టు వినాలంటే మాత్రం వినే గది ఉన్న డీలర్‌కు ముందే ఫోన్ చేసి, మీ స్పీకర్ పేరు చెప్పి వెళ్లండి. వీలైతే మీ స్పీకర్లే తీసుకెళ్లండి.

మీకు కంఠతా వచ్చిన పాటలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఘంటసాల పద్యం ఒకటి పెట్టండి. గొంతు మీ ఎదురుగా, మధ్యలో నిలబడాలి. "స", "ష" లు ఈల వేయకూడదు. ఉరుముల వాయిద్యం గానీ డప్పు గానీ రికార్డింగ్ ఉంటే అది పెట్టండి. దెబ్బ పడి ఆగాలి, సాగకూడదు. నాదస్వరం గట్టిగా పెట్టినప్పుడు చెవి నొప్పి పుట్టకూడదు.

రెండు యాంప్‌లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండేలా చూసుకోండి. ఒక్క డీబీ ఎక్కువ ఉన్నా అదే మంచిదనిపిస్తుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని పోతే చాలు.

పేర్లు చెప్పన్నా, ఏది తీసుకోమంటావు?

మామూలు హాలు, 86–89 డీబీ స్పీకర్లు ఉంటే మరాంట్జ్ పీఎం6007, డెనాన్ పీఎంఏ-600ఎన్‌ఈ లాంటివి చాలు. రెండూ 8 ఓమ్స్‌కు 45 వాట్స్. హాలు పెద్దదై, స్పీకర్ సెన్సిటివిటీ తక్కువైతే 85 వాట్స్ ఇచ్చే యమహా ఏ-ఎస్501 వైపు చూడండి. 45 చూసి తక్కువనుకోకండి. 1978లో వచ్చిన నాడ్ 3020 ఛానల్‌కు 20 వాట్స్ యాంప్. ప్రపంచమంతా దాన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది.

మా బావ కువైట్ నుంచి యాంప్ తెస్తానంటున్నాడు. మా అక్క కొడుకు అమెరికా నుంచి తెస్తానంటున్నాడు. ఎవరిని తెమ్మనాలి?

వోల్టేజీ లెక్కన అయితే మీ బావను. కువైట్‌లో 240 వోల్ట్స్, 50 హెర్ట్జ్. మన 230కి సరిపోతుంది, ప్లగ్గు మార్చుకుంటే చాలు. అమెరికాది 120 వోల్ట్స్, జపాన్‌ది 100. వాటిని ఇక్కడ నేరుగా ప్లగ్‌లో పెడితే ఆ క్షణమే పోతాయి. వెనక 110/220 మార్చే స్విచ్ ఉంటే సరి, లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎక్కడిదైనా ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో కొనేముందే అడగమనండి.

సెకండ్ హ్యాండ్ యాంప్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ఆన్ చేయగానే మూడు నాలుగు సెకన్లకు "టిక్" మని రిలే చప్పుడు రావాలి. వాల్యూమ్, బ్యాలెన్స్ నాబ్‌లు తిప్పితే గరగర రాకూడదు. వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు రెండు వైపులా సమానంగా వినిపించాలి. మల్టీమీటర్ ఉంటే స్పీకర్లు కలపకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్ట్స్ లోపు ఉండాలి. అరగంట నడిపి మళ్లీ కొలవండి. పైమూత స్క్రూలు అరిగిపోయి ఉంటే ఎన్నోసార్లు విప్పినట్టు.

## ఇంట్లో బిగించేటప్పుడు

స్పీకర్ వైరు ఎంత మందం ఉండాలి?

అయిదు మీటర్ల లోపు అయితే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. అంతకు మించితే, లేదా 4 ఓమ్స్ స్పీకర్లైతే 2.5 వేయండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు తక్కువ ధరకు దొరుకుతుంది. దాని నిరోధం ఎక్కువ. కొన చెక్కి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. వేల రూపాయల వైర్లు అక్కర్లేదు. ఆ డబ్బు స్పీకర్ స్టాండ్లకు పెట్టండి.

మా వైపు వోల్టేజీ నిలకడగా ఉండదు. స్టెబిలైజర్ పెట్టాలా?

ముందు మల్టీమీటర్‌తో వారం రోజులు రాసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, పొలాల మోటార్లు నడిచేటప్పుడు. 207 నుంచి 253 మధ్యే ఉంటే స్టెబిలైజర్ అవసరం లేదు. 190కి పడిపోతే యాంప్‌కు ప్రమాదం తక్కువే, గరిష్ఠ శక్తి కొంచెం తగ్గుతుంది, అంతే. అసలు ప్రమాదం పైకి పోయినప్పుడు. వీధి లైనులో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300 దాటి కూడా రావచ్చు. మా వీధిలో ఒకసారి ఇలా జరిగి నాలుగిళ్లలో టీవీలు పోయాయి. కాబట్టి స్టెబిలైజర్ కొన్నా కొనకపోయినా, ఎక్కువ వోల్టేజీ రాగానే కరెంటు ఆపేసే ప్రొటెక్టర్‌ను మెయిన్ దగ్గర ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. ఇంట్లో ఉన్నవన్నీ బతుకుతాయి. పిడుగుల వానకు మాత్రం ప్లగ్గు పీకడమే మార్గం. యాంటెన్నా, కేబుల్ వైర్లు కూడా పీకేయండి.

ఇన్వర్టర్ మీద యాంప్ నడపొచ్చా?

ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే నడపొచ్చు. స్క్వేర్ వేవ్ అయితే వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, స్పీకర్‌లో కూడా ఆ రొద వినిపిస్తుంది.

ఎండాకాలం ఇల్లు నిప్పుల కొలిమిలా ఉంటుంది. షోకేసులో అద్దం వెనక పెట్టొచ్చా?

పెట్టకండి. కర్నూలులో, కడపలో బయట 43 డిగ్రీలున్న రోజు ఇంట్లో 37, 38 ఉంటుంది. మూసిన షోకేసులో యాంప్ చుట్టూ ఇంకో 15 డిగ్రీలు చేరుతుంది. లోపలుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క. తెరిచి ఉన్న బల్ల మీద, పైన కనీసం ఆరు అంగుళాల ఖాళీతో పెట్టండి. పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టకండి, లేసు గుడ్డ కప్పకండి. దుమ్ముకు గుడ్డ కప్పాలనుకుంటే ఆఫ్ చేసి, చల్లారాక కప్పండి. ఏడాదికోసారి ప్లగ్గు పీకి, మెత్తని బ్రష్‌తో పైన చిల్లుల్లోని దుమ్ము దులపండి. మన ఎర్రదుమ్ము పొరలా పేరుకుంటే అదే దుప్పటి అవుతుంది.

టీవీ నుంచి ఆప్టికల్ వైరు పెట్టాను. వార్తలకు శబ్దం వస్తుంది, సినిమాకు రాదు.

టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను "పీసీఎం"కు (మామూలు స్టీరియో సిగ్నల్‌కు) మార్చండి. సినిమాలకు టీవీ డాల్బీ సిగ్నల్ పంపుతోంది, స్టీరియో యాంప్ దాన్ని అర్థం చేసుకోలేదు.

## బిగించాక వచ్చే ఇబ్బందులు

పాట ఆపినా స్పీకర్‌లో "జుమ్మ్" అని వస్తోంది. యాంప్ పోయిందా?

దాదాపు ఎప్పుడూ యాంప్ కాదు. ఇన్‌పుట్ వైర్లన్నీ ఒక్కొక్కటిగా పీకండి. అన్నీ పీకాక మోత ఆగితే యాంప్ మంచిదే. ఏ వైరు తిరిగి పెట్టగానే మోత మొదలైందో దోషం ఆ దారిలో ఉంది. మా అనుభవంలో ఎక్కువసార్లు అది కేబుల్ టీవీ వైరు. కేబుల్ వైరుకు ఒక చోట ఎర్త్, ఇంటికి ఇంకో చోట ఎర్త్ ఉండి, రెండింటి మధ్య కరెంటు తిరుగుతుంది. ఆ టీవీని యాంప్‌కు ఆప్టికల్ వైరుతో కలిపితే మోత పోతుంది, ఎందుకంటే అందులో వెళ్లేది వెలుతురే.

ఏ వైరూ లేకపోయినా మోత ఉంటే, మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించండి. ఇక్కడ భూమి ఎండిపోయిన నేల. బొగ్గు, ఉప్పు వేసి తవ్విన ఎర్త్ గుంత కూడా ఏప్రిల్, మే నెలల్లో ఎండిపోతే పనిచేయదు. వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయండి. మోత తగ్గించుకోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెబితే వినకండి. అది ప్రాణం మీదికి తెచ్చే సలహా.

రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక తక్కువలో పెడితే బేస్ మాయమవుతోంది.

అది చెవి స్వభావం. శబ్దం తగ్గేకొద్దీ బేస్‌ను చెవి తక్కువగా పట్టుకుంటుంది. యాంప్‌లో "లౌడ్‌నెస్" ఉంటే నొక్కండి. అది అందుకే ఉంది. లేకపోతే బేస్ నాబ్‌ను కొంచెం పెంచండి. అలా చేస్తే పాట స్వచ్ఛత పోతుందన్న మాట పట్టించుకోవద్దు. వాల్యూమ్ పెంచినప్పుడు మళ్లీ మామూలుకు తిప్పండి.

గట్టిగా పెడితే పది నిమిషాలకు యాంప్ దానంతటదే ఆగిపోతోంది. చల్లారాక మళ్లీ వస్తుంది.

అది ప్రొటెక్షన్. ముందు వెనక టెర్మినల్స్ దగ్గర టార్చి వేసి చూడండి. మెలితిప్పిన రాగి పోగుల్లో ఒకటి పక్క టెర్మినల్‌కు తగులుతూ ఉండొచ్చు. తర్వాత గాలి దారి చూడండి. ఆ రెండూ సరిగా ఉంటే, "ఏ", "బీ" రెండు జతల స్పీకర్లూ ఒకేసారి ఆన్‌లో ఉన్నాయా చూసుకోండి. ఎక్కువ యాంప్‌లలో అవి సమాంతరంగా కలుస్తాయి, 8 ఓమ్స్ జతలు రెండు కలిస్తే యాంప్‌కు 4 ఓమ్సే కనిపిస్తుంది. ఒక జత ఆపి వినండి. అప్పటికీ ఆగిపోతుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా మెకానిక్‌కు చూపించండి.